ఎక్కువమందికి నచ్చిన జవాబు

ఏప్రిల్ 2

పరీక్షలు లేని వయసంటూ ఏదీ లేదమ్మాయ్. పొద్దున చెప్పులు వేసుకుంటూ "మీకేం అత్తయ్యా, పరీక్షలు లేని వయసు" అని నువ్వన్నది తప్పు. నాకు రోజూ పరీక్షే. నీ ఇంట్లో కూర్చుని నీ సంపాదన తింటూ, నీకు విసుగు రాకుండా ఎంతకాలం నెట్టుకురాగలనా అన్నదే ఆ పరీక్ష. ప్రశ్నలు ముందుగా చెప్పరు. మార్కులు నీ మొహం చూసి తెలుసుకోవాలి.

ఇది నీ ఎదురుగా అనలేదు, నువ్వు బస్సు అందుకోవాలి కనక. ఇక్కడ అంటున్నాను. నీతో మాట్లాడుతున్నట్టు రాసినంత మాత్రాన నువ్వు చదవాలని కాదు. ఈ పుస్తకం నా పరుపు కింద ఉంటుంది. నా పరుపు నేను తప్ప ఎవరూ దులపరు.

సంగతేమిటంటే, నీ కంపెనీవాళ్ళు బిల్లింగు విభాగం మూసేసి నిన్ను ప్యాకింగులోకి తోశారు. మందుల గోదాము అది. ఇంజెక్షన్లను చల్లటి గదుల్లో దాచి, చల్లటి పెట్టెల్లో సర్ది ఆసుపత్రులకు పంపే చోటు. ఇన్నాళ్ళూ కంప్యూటరులో పేర్లుగా చూసిన మందుల్ని ఇక చేత్తో ముట్టుకోవాలి. దానికి జూన్ దాకా శిక్షణ. నెగ్గితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు. నీ ఉద్యోగం లేకపోతే ఈ ఇల్లు లేదు. నా కొడుకు ఏమైనా పంపుతాడని నువ్వూ అనుకోవు, నేనూ అనుకోను.

ఏప్రిల్ 4

ఆ శిక్షణేమిటో చెప్పమంటే "అదో గోల అత్తయ్యా" అని స్నానానికి వెళ్ళిపోయావు. పిడుగును అడిగాను. నీ కూతురికి ఆ పేరు పెట్టింది నేనే. పేరుకు తగ్గట్టే పెరుగుతోంది, నాకు పాఠం చెప్పే దాకా వచ్చింది.

"బ్లెండెడ్ ట్రైనింగ్ నానమ్మా. అంటే కలగలుపు. ఇంట్లో వీడియోలు చూడాలి, శనివారం క్లాసుకి వెళ్ళాలి, మిగతా రోజులు గ్రూపులో ఒకళ్ళనొకళ్ళు అడుక్కుని నేర్చుకోవాలి."

"అడుక్కోవడమేమిటే, అడిగి తెలుసుకోవడం అను."

"అదేలే. దాన్ని సోషల్ లెర్నింగ్ అంటారు. జవాబు చెప్తే మార్కు. అందరికంటే ముందు చెప్తే ఇంకో మార్కు. ఎవరికైనా నచ్చి బొటనవేలు పెడితే ఇంకా ఇంకా మార్కులు."

"బొటనవేలు పెట్టేది చదువు రానివాళ్ళు కదే."

"నానమ్మా, నువ్వుండు!"

మా రోజుల్లో పక్కదాన్ని అడిగి రాస్తే కాపీ అనేవాళ్ళు, గోడకేసి నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు పిలిచి మార్కులిస్తున్నారు. లోకం బాగుపడిందనే అనుకుందాం.

ఏప్రిల్ 9

నిన్న నువ్వు నిలబడే తిన్నావు. కూర్చుంటే మళ్ళీ లేవలేనన్నావు.

"వీడియోల్లో పర్లేదట. క్లాసులో పర్లేదట. గ్రూపులో సున్నా అత్తయ్యా. నోరు విప్పట్లేదంటున్నారు. ఇలా అయితే కష్టం అన్నాడు సూపర్‌వైజరు."

"విప్పు మరి. నోరు నీకూ ఉందిగా."

"ఏం రాయను? నాకే సగం తెలీదు. తెలిసింది రాద్దామనుకునే లోపు లోడింగు మేస్త్రీ గారు రాసేస్తారు. ఆయనకి ప్రశ్న పూర్తవక్కర్లేదు."

వీడియోల్లో పర్లేదంటే ఏమిటో నాకు తెలుసు. ఫోను నీళ్ళ సీసాకు ఆనించి, అది దాని పాటికి వాగుతుంటే నువ్వు సోఫాలో నిద్రపోతావు. చివరిదాకా ఆడింది కనక చూసినట్టే లెక్క. పాఠం మటుకు నేనే వింటున్నాను, అదీ వంటింట్లోంచి, కుళాయి చప్పుడులో.

నా కొడుకు నిన్ను వదిలేసి వెళ్ళాడు. వెళ్తూ నన్ను నీ నెత్తిన పెట్టి వెళ్ళాడు. రెండో అన్యాయమే పెద్దది. ఆ మాట నువ్వు ఒక్కనాడూ అనలేదు. అనని మాట కింద బతకడం కారే కప్పు కింద పడుకున్నట్టే. చుక్క ఇంకా పడలేదు కదా అనుకున్నా నిద్ర పట్టదు.

అందుకని అన్నాను: "నువ్వు చెప్పు, నేను రాసిపెడతాను."

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ల ఆఫీసులో పింఛను లేని కాంట్రాక్టు గుమస్తాగా ఫిర్యాదులకు జవాబులు రాశాను నేను. టెలిఫోను తీగ లోపల ఏ రంగులో ఉంటుందో ఇవాళ్టికీ తెలియదు. నా జవాబు అందుకున్నవాళ్ళలో మళ్ళీ ఫిర్యాదు చేసినవాళ్ళు తక్కువ. ఫోను బాగయిందని కాదు, అంత మర్యాదగా చెప్పాక మళ్ళీ అడగడానికి మొహమాటపడేవాళ్ళు.

ఏప్రిల్ 10

ప్రశ్న: చల్లగది తలుపు వెంటనే ఎందుకు మూయాలి?

నువ్వు చెప్పింది: "మూయకపోతే చల్లదనం పోద్ది."

నేను రాసింది: "తలుపు తెరిచి కబుర్లు చెప్పుకునేవారు గమనించాలి. లోపలున్న ప్రతి సీసా వెనకా ఒక రోగి నిలబడి ఉన్నాడు. మన కబుర్లు ముగిసేదాకా ఆయన ఆగలేడు."

నువ్వు నవ్వావు. చాలా రోజులకు.

"ఇది నేను రాశానంటే ఎవరైనా నమ్ముతారా అత్తయ్యా?"

"నమ్మరు. నచ్చుతుంది. నచ్చాక నమ్మకం దానంతటదే వస్తుంది."

ఏప్రిల్ 11

వచ్చింది. గ్రూపంతా బొటనవేళ్ళు. చల్లగది తలుపు మీద కూడా రాసి అంటించారట.

ఏప్రిల్ 18

ఇవాళ మేస్త్రీ గారి కంటే మనకే మార్కులు ఎక్కువ. ఆయన జవాబుల్లో వాక్యానికి తలా తోకా ఉండదు. విషయం ఉంటుందేమో, నాకు తెలియదు.

ఏప్రిల్ 22

పిడుగు తన పాత ట్యాబులో నీ గ్రూపు తెరిచి ఇచ్చింది. నువ్వే ఒప్పుకున్నావు, పాస్‌వర్డు కూడా నువ్వే చెప్పావు. ఇది గుర్తుంచుకోవాలి. ఇప్పుడు పగలంతా నాకు కనిపిస్తుంది. చల్లగదిలో పనిచేసేవాళ్ళు ఫోను లాకరులో పెట్టాలి కనక నీకు కనిపించదు.

"నన్ను అడిగే రాయండి అత్తయ్యా" అన్నావు.

"అడక్కుండా రాస్తానా?" అన్నాను.

ఇదంతా నీ కోసమే.

ఏప్రిల్ 28

శనివారం క్లాసులో ట్రైనరమ్మాయి నిన్ను లేపి నిలబెట్టిందట. గ్రూపులో అంత బాగా చెబుతున్నారు కదా, అందరికీ నాలుగు ముక్కలు చెప్పండి అందట. గొంతు నొప్పని కూర్చున్నావట.

"చెమటలు పట్టేశాయి అత్తయ్యా. రాతలో పులి, మాటలో పిల్లి అని మేస్త్రీ గారు అందర్నీ నవ్వించారు."

"అసూయ."

"అసూయో ఏదో. నాకు సిగ్గేసింది."

సిగ్గెందుకు? మార్కులు మొత్తం మీద పడతాయి. క్లాసులో తగ్గింది గ్రూపులో పూడుతుంది. కలగలుపు అంటే అదే కదా. తర్వాతివి కాస్త సాదాగా రాద్దామనుకున్నాను. సాదాగా రాయడం నాకు చేతకాలేదు.

మే 3

జలుబు. గ్రూపులో ఏమీ లేదు. రోజు గడవలేదు.

మే 6

ఎండ మండిపోతోంది. మధ్యాహ్నం గ్రూపులోకి ప్రశ్న వచ్చింది. ప్యాకింగులో కొత్తగా చేరిన ఒకావిడ అడిగింది: "ఐస్ ప్యాకులు ఫ్రీజరులోంచి తీశాక పెట్టెలో పెట్టే ముందు బల్ల మీద ఉంచాలా? ఎంతసేపు? బండి డ్రైవరు తొందర పెడుతున్నాడు."

నిన్ను అడుగుదామంటే నీ ఫోను లాకరులో ఉంది. కింద మేస్త్రీ గారు రాస్తున్నారని చూపిస్తోంది. ఆయన ఒంటి వేలితో టైపు చేస్తాడు, నాకు కాస్త వ్యవధి ఉంది. మొన్నే కదా నువ్వన్నావు, మందు వేడెక్కకూడదు, అదే అసలు సంగతి అని. అసలు సంగతి తెలిశాక మిగిలింది తర్కం.

రాశాను: "ఇంత ఎండలో చల్లదనాన్ని బల్ల మీద ఆరబెట్టడం జల్లెడతో నీళ్ళు మోయడమే. ఫ్రీజరు నుంచి తీసినది తీసినట్టే పెట్టెలోకి వెళ్ళాలి. మందుకు కావలసింది చలువ, మనకు కావలసింది వేగం. రెండూ ఒకే పనిలో దొరుకుతుంటే ఆలోచన దేనికి?"

నా తర్వాత మేస్త్రీ గారిది వచ్చింది. "కాసేపు ఉంచాలి అనుకుంటా వీడియోలో చూడాలి." చుక్క కూడా పెట్టలేదు. దానికి ఎవరూ వేలు పెట్టలేదు.

మే 7

ట్రైనరమ్మాయి నక్షత్రం ఇచ్చింది! వారంలో ఉత్తమ జవాబుట. నీకంటే ముందు నాకే కనిపించింది. పిడుగు ట్యాబు ఎత్తుకుని ఇల్లంతా తిరిగింది.

సాయంత్రం నువ్వు వచ్చి కూర్చుని తిన్నావు.

"సూపర్‌వైజరు పిలిచి మరీ చెప్పాడు అత్తయ్యా, ఇక భయం లేదమ్మా అని. ఏదో ఐస్ ప్యాకుల గురించట."

"చదివావా?"

"చదివాను. బాగుంది."

నీళ్ళు తాగుతూ అన్నావు. చదివానన్నావు.

మే 8

ఇంటి కప్పు బాగుచేయించినట్టుంది. ఏదీ కారడం లేదు. హాయిగా ఉంది.

మే 12

నువ్వు ఇంకా రాలేదు. ఫోను చేస్తే "మీటింగులో ఉన్నాను అత్తయ్యా, పిడుగుకి అన్నం పెట్టేయండి" అన్నావు. గొంతు ఏదోలా ఉంది. ఎండ దెబ్బ కావచ్చు.

మే 13

ఎండ దెబ్బ కాదు.

పెట్టెల్లో ఒక చిన్న మీట లాంటిది పెడతారట, లోపలి వేడీ చలీ గుర్తుంచుకునేది. ఒక ఆసుపత్రివాళ్ళు అది తీసి చూస్తే మంచు గడ్డకట్టే చలి ఉందట. వెంటనే మిగతావీ చూశారు. వారం నుంచి వెళ్ళిన పెట్టెల్లో చాలావరకు అంతేనట.

నువ్వు చెబుతున్నంతసేపూ పొయ్యి వైపే చూశావు. పొయ్యి వెలిగించి లేదు.

"ఐస్ ప్యాకు కాసేపు బయట ఉండి చెమర్చాలట అత్తయ్యా. ఊపితే లోపల నీళ్ళు కదలాలట. అప్పుడు పెట్టాలి. నేరుగా పెడితే దాన్ని ఆనుకున్న ఇంజెక్షన్లు గడ్డకడతాయి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే ఇక పనిచెయ్యదట."

"కరిగితే?"

"కరిగితే చూడ్డానికి మామూలుగానే ఉంటుందట. అందుకే ఎవరికీ తెలీలేదు."

"వీడియోలో చెప్పలేదా?"

"చెప్పారట. మూడో వీడియోలో."

మూడో వీడియో. నువ్వు నిద్రపోయావు. నేను కుళాయి తిప్పి ఉంటాను.

నువ్వు చదివానన్నావు కదా అమ్మాయ్. చదివి, బాగుందన్నావు.

మే 14

ట్రైనరమ్మాయి నక్షత్రం తీసేసింది. తర్వాత బొటనవేళ్ళు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. పెట్టినప్పుడు ఎవరు పెట్టారో పేర్లు వచ్చేవి. తీసినప్పుడు రావు. ట్యాబు ముందు కూర్చుని అలా చూస్తూ ఉండిపోయాను. నాలుగు మిగిలాయి. వాళ్ళింకా చూసుకోలేదేమో, సెలవులో ఉన్నారేమో.

ఎవరు నేర్పారమ్మా వీళ్ళకు? అందరికీ నచ్చింది. అందరూ చదివారు. ట్రైనింగు ఇచ్చే మనిషే నక్షత్రం పెట్టింది. ఇంతమంది కలిసి నేర్చుకుంటుంటే ఒక్కళ్ళయినా ఆగమనరా?

మేస్త్రీ గారు అన్నారు. చుక్క పెట్టలేదు ఆయన.

మే 15

ఒక క్లినిక్కులో పెట్టె అందిన రోజే కొన్ని వాడేశారట. ఎవరికి వాడారో, ఆ మనిషి ఎలా ఉన్నాడో అడిగాను. "మాకు చెప్పరు అత్తయ్యా" అన్నావు.

మే 16

ప్రతి సీసా వెనకా ఒక రోగి నిలబడి ఉన్నాడని రాసిన మనిషిని నేనే.

మే 17

నువ్వు వెళ్ళాక చీర మార్చుకుని గోదాముకు వెళ్ళాను. రెండు బస్సులు. గేటు దగ్గర కాపలా అతను ఎవరు కావాలన్నాడు. సూపర్‌వైజరు గారి పెద్దమ్మనన్నాను. ఆ వయసు వాళ్ళందరికీ పెద్దమ్మనే నేను.

సూపర్‌వైజరు అంటే మీసాలాయన ఎవరో అనుకున్నాను. సన్నగా, కళ్ళ కింద నలుపుతో, చల్లగదిలోంచి వచ్చి స్వెట్టరు విప్పుతున్నాడు. బయట ఆ ఎండ, ఈయన స్వెట్టరు.

"ఆ జవాబు మా కోడలు రాయలేదు నాయనా. నేను రాశాను. ఆ పిల్లకి తెలీదు కూడా."

ఆయన తలుపు వేసి వచ్చాడు.

"ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అయితే అనకండి. మీరిక్కడికి రాలేదు, నేను వినలేదు."

"అదేమిటి? తప్పు నాది అంటుంటే..."

"అమ్మా, ఆవిడ తెలీక తప్పు రాస్తే పొరపాటంటారు. బయటి మనిషికి పాస్‌వర్డు ఇచ్చి, గోదాము పనులకి జవాబులు రాయించిందంటే కేసు పెడతారు. మీరు కాపాడ్డానికి వచ్చారా, ముంచడానికి వచ్చారా?"

జవాబు చెప్పలేకపోయాను. నేను. జవాబు చెప్పలేకపోయాను.

"అయినా ఆవిడ నిన్ననే సంతకం పెట్టేసింది" అన్నాడు. "నేనే రాశాను, వీడియో సరిగ్గా చూడలేదు అని. మేం అడగకుండానే చెప్పింది."

"ఉద్యోగం?"

స్వెట్టరు మడతపెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"నేనూ ఆ జవాబుకి వేలు పెట్టానమ్మా. నాదే ఉంటుందో లేదో చూడాలి."

వచ్చేటప్పుడు బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు. వద్దన్నాను. బలవంతం చేసి కూర్చోబెట్టాడు.

మే 19

తీసేశారు. నీ లాకరులో వస్తువులు ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చావు. దువ్వెన, మేజోళ్ళ జత, చేతులకు రాసుకునే క్రీము. చల్లగదిలో చేతులు పగులుతాయని నాకు ఎప్పుడూ చెప్పలేదు.

మే 20

అడిగేశాను. ఎన్నాళ్ళని పొయ్యి వైపు చూస్తావు?

"తిట్టవే. నోరారా తిట్టు. ఇంట్లోంచి పొమ్మను. ఇలా ఉండకు."

పిడుగు వేసవి క్లాసులకని బడికి వెళ్ళింది. నువ్వు పాత బట్టలకు బొత్తాలు కుడుతున్నావు. ఇప్పుడు నీకు తీరిక ఉంది.

"తిట్టి ఏం చేస్తాను అత్తయ్యా?"

"నాకు తెలియకే రాశాను. నీ కోసమే..."

"నా కోసమే రాశారు. కాదనను." దారం కొరికావు. "మొదట్లో నా కోసమే. తర్వాత మీకు సరదా అయింది. నాకు కనిపిస్తూనే ఉంది. ఇంటికి రాగానే నా మొహం కంటే ముందు ట్యాబు చూపించేవాళ్ళు."

నేను కింద పడిన బొత్తాలు ఏరి డబ్బాలో వేశాను.

"నన్ను పిలిచి మెచ్చుకుంటుంటే నాకూ బాగుండేది. అది నేను కాదని తెలిసినా బాగుండేది. అందుకే ఆపలేదు. ఆ రోజు మీరు చదివావా అంటే చదివానన్నాను. చదవలేదు. మొదటి ముక్క చూసి, అబ్బ మళ్ళీ ఎంత బాగా రాసిందో ఈవిడ అనుకుని వదిలేశాను."

"నిన్ను అడిగి ఉంటే..."

"మీరు అడిగినా నాకు తెలీదనే చెప్పేదాన్ని. నాకు నిజంగా తెలీదు అత్తయ్యా. గ్రూపులో ఎవ్వరికీ తెలీదు. తెలీదని రాస్తే మార్కులుండవు."

సూది పెట్టెలో పెట్టి మూత వేశావు.

"పొమ్మని అననులెండి. ఎక్కడికి పోతారు?"

కప్పు నుంచి ఆ చుక్క పడింది. ఎదురుచూసిన మాట కాదు. దానికంటే నెమ్మదిగా పడింది.

మే 21

ఏమీ లేదు.

మే 23

నువ్వు రెండు చోట్లకు ఉద్యోగానికి వెళ్ళి వచ్చావు. ఎలా జరిగిందని అడగలేదు. నువ్వు చెప్పలేదు. ఇంటి ఓనరావిడ మెట్ల మీద ఎదురుపడి నీతో ఏదో అంది, నన్ను చూసి ఆపేసింది.

మే 24

ఏమీ లేదు.

మే 27

ట్యాబు పిడుగుకు తిరిగి ఇచ్చేశాను. ఇచ్చి రోజంతా చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మే 29

పిడుగు బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"నానమ్మా, నీ జవాబు ఇంకా ఉంది."

"తీసేశారు కదే."

"గ్రూపులోంచి తీసేశారు. పాఠంలో ఉంది."

అమ్మ ఖాతాతో రాయడం కుదరదట కానీ చదవడానికి ఇంకా తెరుచుకుంటోందట, ఎవరో మూయడం మరిచారు. నక్షత్రం వచ్చిన జవాబుల్ని ఆ ప్రోగ్రాం తనంతట తానే ఏరి, అన్ని ఊళ్ళ గోదాముల్లో కొత్తగా చేరేవాళ్ళకు పాఠంగా పంపుతుందట. నక్షత్రం ఒక్క రోజు ఉన్నా చాలట. తర్వాత తీసినా దానికి తెలియదట.

పిడుగు నొక్కింది. ఎవరో ఆడపిల్ల గొంతు, చల్లగా, తీయగా, వెనకాల సన్నటి సంగీతం: "ఇంత ఎండలో చల్లదనాన్ని బల్ల మీద ఆరబెట్టడం..."

నేను పెట్టిన కామా దగ్గర సరిగ్గా ఆగింది ఆ గొంతు. ఎంత బాగా చదివిందో.

నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు. లోపలికి వెళ్ళిపోయావు.

మే 30

కంపెనీకి ఫోను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. నొక్కాను. చాలాసేపటికి మనిషి గొంతు వచ్చింది. చెప్పాను: ఆ పాఠం తప్పు, మందులు పాడవుతాయి, మనుషులకు ప్రమాదం, ఈ క్షణమే తీయించండి.

"మీరు ఉద్యోగులా మేడం?"

"కాదు."

"ఉద్యోగి నంబరు చెప్తే తప్ప మేం పాఠాలు మార్చలేం మేడం. మీ సూచన నమోదు చేసుకున్నాం. సంబంధిత విభాగం పరిశీలించి తగిన చర్య తీసుకుంటుంది."

ఆ వాక్యం నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన వాక్యం. దాని వెనక ఎవరూ ఉండరని కూడా నాకే తెలుసు.

సూపర్‌వైజరుకు చేశాను. ఆ నంబరు పనిచెయ్యడం లేదు. ఆయనను కూడా తీసేసినట్టున్నారు. ట్రైనరమ్మాయికి పిడుగు చేత మెసేజి పెట్టించాను. చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

మే 31

ఎండ తగ్గలేదు. ఎక్కడో ఎవరో ఫ్రీజరు తెరిచి తీసింది తీసినట్టే పెడుతుంటారు.

జూన్ 1

నిన్న సాయంత్రం నీ దగ్గరకు వచ్చి కూర్చున్నాను. ఊరి చివర మీ కంపెనీదే రెండో గోదాము ఉంది కదా, అక్కడ కూడా ఆ పాఠం వెళ్ళి ఉంటుంది కదా అన్నాను. గేటు బయట నిలబడి లోపలికి వెళ్ళేవాళ్ళకు అట్టముక్కలు ఇస్తాను, తీసుకున్నవాళ్ళు తీసుకుంటారు అన్నాను. మిగతా ఊళ్ళకు నేను వెళ్ళలేను. ఈ ఒక్కదానికి వెళ్ళగలను.

"మిమ్మల్ని పిచ్చిదనుకుంటారు" అన్నావు.

"అనుకోనీ. ఏం రాయాలో చెప్పు."

చేతిలో బట్ట మడతపెట్టి పక్కన పెట్టావు. చెప్పవనుకున్నాను.

"ఐస్ ప్యాకు బయట పెట్టండి. ఊపితే లోపల నీళ్ళు కదలాలి. కదిలితేనే పెట్టెలో పెట్టండి. అంతే." లేస్తూ అన్నావు. "ఇంకేం కలపకండి."

కలపను.

ఈ కింది భాగం చింపి పిడుగు బడి సంచిలో పెడుతున్నాను.

పిడుగా, బడి నుంచి వచ్చేటప్పుడు పుస్తకాల షాపులో ఆగు. నల్ల మార్కరు కావాలి, లావు మొనది. ఎరుపు వద్దు, నీలం వద్దు. చల్లగదిలో అన్నీ తడుస్తాయి కనక తడికి చెరగనిదే అడుగు. మాట నమ్మకు, వాడి దగ్గరే కాగితం మీద ఒక గీత గీయించి, నీ సీసాలో నీళ్ళు దాని మీద పోసి వేలితో రుద్ది చూడు. సిరా కారితే తిరిగి ఇచ్చేసి వేరేది అడుగు. షాపువాడు విసుక్కున్నా సరే. అట్టలు కొనకు, అమ్మ చెప్పుల పెట్టెలు రెండు మంచం కింద ఉన్నాయి, కత్తిరించుకుందాం.